అందరి స్థలంలో పెంచిన తోటకి తాళం వేయొచ్చా?

పచ్చగడప:
ఖాళీగా పడున్న ప్రభుత్వ స్థలాన్ని చుట్టుపక్కల ఇళ్లవాళ్లు శుభ్రం చేసి, వంటింటి తడి చెత్తతో ఎరువు చేసి, తోట వేశారనుకోండి. బయటివాళ్లు వచ్చి కాయలు కోసుకుపోతున్నారు, కుళాయి ఊడదీస్తున్నారు. అప్పుడు గేటు పెట్టి తాళంచెవి పనిచేసినవాళ్లకే ఇస్తే తప్పా? నా వరకు తప్పు కాదు. ఎండలో నీళ్లు మోసేటప్పుడు ఎవరూ రారు, కాపు మొదలయ్యాక మాత్రం అది అందరిదీ అయిపోతుంది.

నీడకోసం:
తప్పే. చాకిరీ మీదే, కాదనను, కానీ స్థలం మీది కాదు కదా. తాళం పడ్డాక అది ఆ కొద్దిమంది పెరడే. బాల్కనీ కూడా లేని అద్దె ఇళ్లవాళ్లు, పొద్దున పోతే రాత్రికి ఇల్లు చేరేవాళ్లు ఎక్కడికెళ్లాలి? తోటపనికి తీరిక దొరకడం కూడా అదృష్టమేనండీ, అది అందరికీ ఉండదు.

మట్టిచేతులు:
ఎలినార్ ఆస్ట్రమ్ గురించి వినే ఉంటారు, 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఉమ్మడి పచ్చిక బయలు ఎవరికివాళ్లు మేపేసి చివరికి నాశనం చేస్తారని 1968లో గారెట్ హార్డిన్ అనే జీవశాస్త్రవేత్త అన్నాడు. ఊరుమ్మడి వనరులు తరతరాలు నిలిచిన చోట్లున్నాయని ఆవిడ చూపించింది. అలాంటి చోట్ల మొదటి లక్షణం, ఎవరు వాడుకోవచ్చో హద్దు స్పష్టంగా ఉండటం. కాబట్టి తాళం వైపే నా ఓటు.

నీడకోసం:
హద్దు అంటే గోడేనా? ఆ నియమాలు మార్చడంలో వాడుకునేవాళ్లకి నోరుండాలని కూడా ఆవిడే చెప్పింది, అది వదిలేశారు. కాయ కోసుకునే హక్కు వేరు, లోపలికొచ్చి కూర్చునే హక్కు వేరు. నేను చెట్టు నీడన కూర్చుంటే మీ టమాటాలు తరిగిపోవు.

తెరిచినవేళ:
న్యూయార్క్‌లో ఇది పాత గొడవ. 1973లో లిజ్ క్రిస్టీ, ఆమె స్నేహితులు చెత్తతో నిండిన ఒక మూల స్థలాన్ని తోట చేశారు, 1978లో నగరమే ఇలాంటి తోటల కోసం గ్రీన్‌థంబ్ అనే కార్యక్రమం పెట్టింది. గేట్లకి తాళాలున్నాయి, కానీ ఏప్రిల్ 1 నుంచి అక్టోబర్ 31 దాకా వారానికి కనీసం 20 గంటలు జనం కోసం తెరవాలని షరతు. నాకు నచ్చేది దీని వెనకున్న లెక్క. 1999లో నగరం 114 తోటల్ని వేలానికి పెట్టింది, జనం గొడవ చేస్తే చివరికి రెండు సంస్థలు కొని నిలబెట్టాయి. అలాంటి రోజు మీకూ రావచ్చు, ఎందుకంటే పట్టా మీ పేరున లేదు. ఒక్కసారి కూడా లోపల అడుగుపెట్టనివ్వని తోట కోసం బయటివాడు రోడ్డెక్కుతాడా? తాళం వేసి కాయల్ని కాపాడుకుంటారు సరే, స్థలాన్ని పోగొట్టుకుంటారు.

పచ్చగడప:
వినడానికి బాగుంది. 20 గంటలు కాపలా ఎవరు కూర్చుంటారు, మీరా? కంపోస్ట్ సంగతి ఇంకా ఘోరం. కవరు ముడి కూడా విప్పకుండా విసిరేస్తారు, అందులో ఎముకలు, నూనె అన్నీ. కుప్ప లోపల వేడి 55 డిగ్రీలు దాటి కొన్నాళ్లు నిలవాలి, తడికి తగ్గ ఎండుటాకులు పడాలి, లేకపోతే కంపు, ఎలుకలు. తిట్లు మాత్రం మాకు.

తెరిచినవేళ:
అది నిజమే, కంపోస్ట్ డబ్బాకి తాళం వేయండి, అక్కడ నేను మీ వైపే. గేటు బయట ఒక బకెట్ పెడితే అందులో వేసినదాన్ని మీవాళ్లు ఏరి లోపల వేస్తారు. కాపలా అంటారా, సాయంత్రాలు మీలో ఎవరో ఒకరు ఎలాగూ నీళ్లు పెడుతుంటారు కదా, ఆ వేళల్నే బోర్డు మీద రాసి గేటు తీసిపెట్టండి. బెర్లిన్‌లో టెంపెల్‌హోఫ్ పాత విమానాశ్రయాన్ని 2010లో పార్కుగా తెరిచారు, రాత్రి మూసేస్తారు, పగలు ఎవరైనా అక్కడ జనం వేసుకున్న తోట మడుల మధ్య తిరగొచ్చు.

పచ్చగడప:
డబ్బా వరకు ఒప్పుకుంటా. రాత్రి తాళం మాత్రం తీసేది లేదు.

నీడకోసం:
రాత్రి తాళం ఎవరు తీయమన్నారండీ? పగటి సంగతి చెప్పండి.