అమెరికా ఓడిపోయి గూడ క్వార్టర్స్‌కు ఎట్ల పోయింది? (2023 బాస్కెట్‌బాల్ వరల్డ్ కప్)

ఓరుగల్లు పిలగాడు:
అన్నలూ, హాస్టల్ల పనేం లేక 2023 వరల్డ్ కప్ మ్యాచ్‌లు ఇప్పుడు యూట్యూబ్‌ల చూస్తాన. లిథువేనియా మీద అమెరికా 110-104తోని ఓడింది గదా, మళ్ల క్వార్టర్స్‌ల ఎట్ల కనబడ్డది? ఇంకోటి, బాల్ రింగు మీద గిరగిర తిరుగుతాంది, ఇంకా లోపల పడలే, డిఫెన్సోడు ఎగిరి చేత్తోని బయటికి కొట్టిండు, రెఫరీ విజిల్ గూడ ఊదలే! ఎన్‌బీఏల (అమెరికా లీగ్‌ల) అయితే అట్ల ముట్టుడు తప్పని పాయింట్లు ఇస్తరు. ఫైనల్ దాక ఇంకా పోలే, ఎవలు గెలిచిన్రో చెప్పకుండ్రి.

కాజీపేట పాయింట్ గార్డ్:
అది ఫిబా (ఇంటర్నేషనల్ బాస్కెట్‌బాల్ సంఘం) రూలే తమ్మీ. బాల్ రింగుకు తాకినంక ఎవలైనా ముట్టొచ్చు, వీళ్లు లోపలికి నూకొచ్చు, వాళ్లు బయటికి కొట్టొచ్చు. కింది నుంచి నెట్‌లకెళ్లి చెయ్యి పెడితే మాత్రం తప్పు. ఎన్‌బీఏ చూసి చూసి గ్రౌండ్‌కు వచ్చెటోళ్లు మా దగ్గర రోజూ దీని మీదనే లొల్లి పెట్టుకుంటరు. ఇంకా మస్తు తేడాలున్నయ్: క్వార్టర్ 10 నిమిషాలే, 5 ఫౌల్స్‌కే బయటికి, త్రీ (మూడు పాయింట్ల షాట్) లైన్ 6.75 మీటర్లు. అసలుది ఏందంటే డిఫెన్స్‌ల మూడు సెకన్ల రూలు లేదు, పొడుగోడు బాస్కెట్ కిందనే పాతుకపోయి నిలబడ్డా ఎవ్వలేమనరు, ఇగ లోపలికి ఉరికి వేసుడు అమెరికా పిలగాళ్లకు ఎన్‌బీఏల ఉన్నంత ఈజీ గాదు.

లెక్కల మాస్టర్:
మొదటి డౌటు నేను చెప్త. ఫస్ట్ గ్రూపుల గెలిచిన పాయింట్లు సెకండ్ రౌండ్‌కు గూడ పట్టుకపోతరు, గెలిస్తే 2, ఓడితే 1. అమెరికా అప్పటికే గ్రూపుల మూడూ గెలిచి, సెకండ్ రౌండ్‌ల మాంటెనెగ్రోను గూడ కొట్టి ఉన్నది. సెకండ్ రౌండ్ గ్రూపుకు రెండు టీమ్‌లు క్వార్టర్స్‌కు పోతయ్, గందుకే లిథువేనియా మీద ఓడినా ఫరక్ పడలే.

కేయూ రోడ్డు:
రూల్స్ మీద తోసుడు ఎందుకన్నా, లిథువేనియోళ్లు మొదటి 9 త్రీలు ఒక్కటి మిస్ కాకుంట కొట్టిన్రు, దానికి ఏ రూలు అడ్డమొస్తది. అమెరికా దగ్గర లోపల గట్టి పొడుగోళ్లు లేకుండె, రీబౌండ్లన్నీ (మిస్సయి తిరిగొచ్చే బాల్స్) వదిలేసిన్రు. పెద్ద స్టార్లు గూడ రాకపాయె. సెమీస్‌ల జర్మనీ 113-111తోని కొట్టింది, ఆ జర్మనీనే ఫైనల్‌ల సెర్బియాను 83-77తోని

ఓరుగల్లు పిలగాడు:
అన్నా!! చెప్పకుండ్రి అన్నగదా 😭 సరే పోనీ, మన ఇండియా సంగతేంది?

కాజీపేట పాయింట్ గార్డ్:
వరల్డ్ కప్‌కు ఒక్కసారి గూడ పోలే. 1980 మాస్కో ఒలింపిక్స్‌ల ఆడిన్రు, గంతే. ఫైనల్ పాయె గని మూడో ప్లేసు మ్యాచ్ మాత్రం ఇడ్సిపెట్టకు, కెనడా మీద ఆఖరి సెకన్ల అమెరికాకు ఫ్రీ త్రో ఉంటె వాళ్ల ప్లేయర్ మికాల్ బ్రిడ్జెస్ కావాలనే మిస్ చేసి, ఆ బాల్ తనే పట్టుకొని మూలకెళ్లి త్రీ కొట్టి మ్యాచ్ టై చేసిండు. ఓవర్‌టైమ్ సంగతి చెప్ప, నువ్వే చూసుకో.