జడకోపు బడిలో నేర్పాలా, వార్షికోత్సవానికి సరిపెట్టాలా?

ప్రశ్న: జాతీయ విద్యావిధానం 2020 ప్రకారం 6–8 తరగతులకు 10 రోజులు బ్యాగు లేని బడి. పిల్లలకు సర్దుబాటు, ఓర్పు అలవడాలంటే ఆ రోజుల్లో కోలాటం పెట్టడం మేలా, నీతిపద్యాలా?

పల్లెబడి: పద్యాలు ఇప్పటికే కంఠతా వచ్చు. అప్పజెప్పి బయటికొచ్చి కుళాయి దగ్గర తోసుకుంటారు. అందుకే నా ఓటు జడకోపుకి, అంటే పైనుంచి వేలాడే తాళ్లు పట్టుకుని తిరుగుతూ జడలా అల్లే కోలాటానికి. ఎనిమిది మంది, అంటే నాలుగు ఉద్దులు (జంటలు). 10 అడుగుల ఎత్తున గట్టి దూలానికి 15 అడుగుల నూలుతాళ్లు ఎనిమిది కట్టాలి (ఫ్యాను కొక్కేనికి వద్దు). కుడివైపు తిరిగేవాళ్లకు ఎరుపు, ఎడమవైపు వాళ్లకు పసుపు. ఎదురైన ఒకరికి లోపలినుంచి, తర్వాతి వారికి బయటినుంచి. ముందు రెండు రోజులు తాళ్లు లేకుండా నడక మాత్రమే.

లెక్కలటీచర్: ఒకరు వరసగా రెండుసార్లు బయటినుంచి వెళ్తే జడ చిక్కుపడుతుంది. వెంటనే "నువ్వే చెడగొట్టావ్" అని మొదలు. కలివిడితనం బదులు పగ పెరగదా?

పల్లెబడి: అసలు పాఠం అక్కడే ఉందండీ. చిక్కుపడ్డాక లాగితే ముడి బిగుస్తుంది. అందరూ ఉన్నచోటే ఆగి, చివరి అడుగు నుంచి వెనక్కి నడవాలి. తప్పు వేసినవాడు ఒక్కడే విప్పలేడు, మిగతా ఏడుగురూ కదలాల్సిందే. టీచరు చెయ్యి పెట్టి విప్పితే మాత్రం ఆ పాఠం పోయినట్టే.

గ్రామోదయ: భక్తిపాటలు పెడితే వేరే మతాల పిల్లలు పక్కన కూర్చుంటారు. ఇది చిన్న విషయం కాదు. నాట్లపాటో, ఉత్త చప్పట్ల తాళమో చాలు. మగపిల్లలు సిగ్గుపడితే, ఊళ్లలో మగవాళ్ల కోలాటం బృందాలున్నాయని చూపండి.

లెక్కలటీచర్: సరే, తరగతిలో 40 మంది. మిగిలిన 32 మంది?

గ్రామోదయ: అష్టాచెమ్మా. నేలమీద సుద్దతో ఎనిమిది పటాలు, 5×5 గళ్లు, పటానికి నలుగురు, నాలుగేసి గవ్వలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా 4, బోర్లా పడితే అష్టా 8. లోపలి గళ్లలోకి వెళ్లాలంటే ముందు ఎదుటివాడి కాయను చంపాలా వద్దా అన్నది ఇంటింటికీ మారుతుంది. ఆ నియమం వాళ్లే మాట్లాడుకుని పలకమీద రాసుకున్నాకే గవ్వలివ్వండి. ఆ పది నిమిషాల బేరసారాల్ని తొందరపెట్టకండి.

లెక్కలటీచర్: ఇక్కడ ఒప్పుకుంటాను. ఒక్క షరతు: దీనికి మార్కులు వద్దు. మార్కులు పెట్టిన రోజు తడబడే పిల్లని ఏ ఉద్దిలోనూ చేర్చుకోరు.