పాతికేళ్లుగా షెడ్డులో పడున్న స్టాండర్డ్ హెరాల్డ్ కారు, ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

కావలి కుర్రోడు:
అన్నలూ, మా పెదనాన్న మద్రాసులో కొన్న రెండు డోర్ల స్టాండర్డ్ హెరాల్డ్ 1999 నుంచి మా వడ్ల బస్తాల షెడ్డులోనే ఉంది. ఆయన పోయాక పెద్దమ్మ ఎవరికీ అమ్మనివ్వలేదు. పోయిన నెల తనే పిలిచి, "బాగు చేసుకుంటావా, పాతసామాన్ల వాడికి వేసేయమంటావా?" అంది. ఇంకేం ఆలోచిస్తాం, సరేనన్నా. బస్తాలు జరిపి చూస్తే సీట్ల స్పాంజి అంతా ఎలుకల పాలు, నాలుగు టైర్లూ నేలకు అతుక్కుపోయాయి, డిక్కీలో ట్యాంకు మూత తీస్తే పెట్రోలు కంపు కాదు, వార్నిష్ కంపు కొట్టింది. కొత్త బ్యాటరీ తెచ్చి ఒక్కసారి సెల్ఫ్ కొట్టి చూడాలని చేతులు దురద పెడుతున్నాయి. ఆదివారం పెట్టేయొచ్చా?

పెన్నా గట్టు:
అబ్బయా, ఆ బ్యాటరీని అంగట్లోనే ఉండనీ. నేను నా పాత కారుకి ఇదే పని చేశా, తుప్పుకి సిలిండరుకి అతుక్కున్న పిస్టన్ రింగు ముక్కలైంది, ఆ ఒక్క నిమిషం సరదాకి ఇంజను మొత్తం దించాల్సొచ్చింది. ముందు నాలుగు స్పార్క్ ప్లగ్గులూ తీసి ఒక్కో బొక్కలో కొంచెం డీజిలు, కొంచెం ఇంజనాయిలు పోసి వారం రోజులు వదిలెయ్. తర్వాత నాలుగో గేరులో పెట్టి, ప్లగ్గులు లేకుండానే, ఇద్దరు మనుషులతో బండిని ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపు. కదలకపోతే ఇంకో వారం. బలం మాత్రం చూపించొద్దు.
ఇంకోటి, పాత హెరాల్డుల్లో చాలావాటికి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది. అంటే బాడీకి వెళ్లేది బ్యాటరీ ప్లస్. అది చూసుకోకుండా ఈ కాలం అలవాటులో మైనస్ బిగించావనుకో, పొగ చూస్తావు.

రేకుల షెడ్డు ఒంగోలు:
స్పానర్ల సంగతి ఎవరూ చెప్పలేదే. ఆ బండికి బోల్టులన్నీ అంగుళాల లెక్క. అర అంగుళం బోల్టుకి మన 13 నంబరు స్పానరు సరిపోయినట్టే ఉంటుంది గానీ తుప్పు పట్టినదాన్ని గట్టిగా తిప్పితే తల గుండ్రంగా అరిగిపోయి, ఇక గ్యాస్ కట్టింగే గతి. ముందు అంగుళాల సెట్టు ఒకటి కొను.
సంతోషించాల్సింది కూడా ఉంది. ముందు మడ్‌గార్డులతో సహా బానెట్ మొత్తం ముందుకి పడుకుంటుంది, టైరు మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. ఇప్పటి కార్లలో ఆ సుఖం ఎక్కడిది? పైగా హెరాల్డ్ ఛాసిస్ ఆధారంగానే, దీన్ని మొదట ఇంగ్లండులో చేసిన ట్రయంఫ్ కంపెనీ వాళ్లు 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు తెచ్చారు, రెండూ గీసింది మికెలొట్టి అనే ఇటలీ ఆయనే. అందుకే ఇంజను, ముందు సస్పెన్షన్ సామాన్లు చాలావరకు స్పిట్‌ఫైర్ పేరు మీద ఇంగ్లండులో ఇంకా కొత్తవి దొరుకుతాయి. ముందు చెన్నై పుదుపేటలో, అదే పాత బండ్ల సామాన్ల బజారులో, ఒక రోజంతా తిరుగు, ఆ తర్వాతే ఆర్డరు పెట్టు.

వేదాయపాళెం:
ఇంత తలనొప్పి ఎందుకు బ్రో, మారుతి ఇంజను వేసేయ్. స్టార్టింగ్ ప్రాబ్లం లేదు, మైలేజీ వస్తుంది.

రేకుల షెడ్డు ఒంగోలు:
వేసేయొచ్చు, తర్వాత కాగితాల దగ్గర ఏడవాలి. 2021లో పాతకాలం బండ్లకి వచ్చిన వింటేజ్ రూలు ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలోనే ఉండాలి. కొత్తగా చేయించుకుంటే ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. ముందే రిజిస్టరైన బండికి పాత నంబరు ఉంచుకోవచ్చు. కాకపోతే రోజూ ఆఫీసుకి వేసుకెళ్లడానికి కాదు, ప్రదర్శనలకి, ర్యాలీలకి, రిపేరుకి, పెట్రోలు కొట్టించడానికి మాత్రమే.

బుచ్చి మాస్టారు:
బాబూ, నాకు ఇదే బండి పదేళ్లు ఉండేది. ఇంజను ఎప్పుడైనా తిరుగుతుంది, తొందరపడకు. ముందు చక్రాల దగ్గర చూడు. ప్రతి ముందు చక్రం వెనకాల కింద ఒక ఇత్తడి ముక్క ఉంటుంది, ట్రనియన్ అంటారు. చక్రాన్ని మోసే ఇనుప లింకు కిందికొన మరలాగా దాంట్లోకి దిగుతుంది, నువ్వు స్టీరింగు తిప్పినప్పుడల్లా తిరిగేది ఆ మరే. దానికి పోయాల్సింది గ్రీజు కాదు, 90 నంబరు గేరాయిలు. గ్రీజు గన్ను చేతిలో ఉన్న మెకానిక్ ఎవరైనా గ్రీజే కొడతాడు, నేనూ కొట్టించా. గ్రీజు గట్టిపడి లోపలికి దిగదు, నీళ్లు చేరి మర తుప్పు పడుతుంది, ఒకరోజు లింకు పుటుక్కున విరుగుతుంది. నాది మైపాడు రోడ్డులో, ఎదురుగా గేదెలొస్తే స్లో చేసి పక్కకి తిప్పానో లేదో, కుడి చక్రం పొట్టలోకి మడుచుకుపోయింది. అప్పుడు స్పీడు 20 కూడా లేదు కాబట్టి ఇవాళ నీకిది రాస్తున్నా.
బ్రేకుల రబ్బర్లన్నీ మార్చు, ఒక్కటి బాగుందనిపించినా సరే. పెట్రోలు పైపులూ, పంపు డయాఫ్రమ్మూ కూడా. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసింది, పాతకాలం రబ్బరుని మెత్తబెట్టి తినేస్తుంది.

కావలి కుర్రోడు:
పదకొండు రోజులైంది. నిన్న మా బావా నేనూ కలిసి ఊపితే ఫ్యాను ఒక బెత్తెడు తిరిగింది, షెడ్డులో ఇద్దరం చిన్నపిల్లల్లా అరిచాం. బ్యాటరీ ఇంకా కొనలేదు, ఒట్టు. మాస్టారూ, ఎడమ ట్రనియన్ ప్లగ్గు తీశా, లోపల పాకంలాగా గడ్డకట్టిన నల్లటి గ్రీజు. కడిగి ఆయిలు పోస్తే చాలా?

బుచ్చి మాస్టారు:
చాలదు. లింకు విప్పి మర కడిగి ఎండలో పెట్టి చూడు. గుంటలు పడినా, గోటికి గీత తగిలినా దాన్ని పారేయ్. రెండు వైపులా విప్పి ఫొటోలు పెట్టు, కుడిదే ఎక్కువ పోయుంటుంది.