రిటైరయ్యాక సముద్రం పక్కన పాత ఊళ్ళో ఉండటం ఎలా ఉంటుంది? తెలిసినవాళ్ళు చెప్పండి

అందరికీ నమస్కారం. రిటైరయ్యాక నేనూ మా ఆవిడా సముద్రం ఒడ్డున ఒక చిన్న చారిత్రక ఊళ్ళో సెటిలవుదామనుకుంటున్నాం, పాతకాలం సున్నపు గోడల ఇల్లు ఒకటి బాగా నచ్చింది, కానీ ఉప్పుగాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది, ఆ గోడల మీద సిమెంట్ ప్లాస్టరింగ్ చేస్తే చెమ్మ బయటకి పోక గోడే పాడవుతుంది, ఇంతవరకు తెలుసు. మరి సున్నం పని వచ్చిన మేస్త్రీలు మీకెలా దొరికారు? పాత కట్టడాల్లో మార్పులకి పర్మిషన్లు కష్టమా? అన్నిటికంటే హాస్పిటల్ గురించే నా భయం, అర్ధరాత్రి గుండెనొప్పొస్తే ప్రతి నిమిషమూ ముఖ్యమే కదా. టూరిస్టులు రాని నెలల్లో షాపులు, బస్సులు ఉంటాయా? కొనేముందు వానాకాలమంతా అద్దెకుండి చూడటం మంచిదంటారా? అలా ఉండి చూసినవాళ్ళుంటే ప్లీజ్ వివరంగా రాయండి.