టీ-34-85 మోడల్: తుప్పు ఎంత, దుమ్ము ఎక్కడ?

పచ్చరంగు85

అందరికీ నమస్కారం. 1:35 స్కేల్ టీ-34-85, అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి సోవియట్ ట్యాంకు, ప్లాస్టిక్ మోడల్ కట్టడం అయిపోయింది. ప్రైమర్ మీద యాక్రిలిక్ ఆకుపచ్చ ఎయిర్‌బ్రష్‌తో కొట్టాను. 1945 ఏప్రిల్‌లో బెర్లిన్ వీధుల్లోకి దిగిన బండిలా ఉండాలని టరెట్ (పైన ఫిరంగితో తిరిగే గూడు) చుట్టూ తెల్ల పట్టీ కూడా వేశాను. ఇప్పుడది మరీ కొత్తగా తళతళలాడుతోంది. దాన్ని ఎలా పాతబరచాలన్నదే నా టెన్షన్.

వీడియోలు చూస్తే ఒక్కొక్కరిదీ ఒక్కో దారి. ఒకాయన ముందు చిప్పింగ్ (రంగు లేచిపోయినట్టు మచ్చలు పెట్టడం) అంటాడు, ఇంకొకాయన ముందు వాష్ (సందుల్లోకి పారే పల్చటి ముదురు రంగు) అంటాడు, మూడో ఆయన ఫిల్టర్ (రంగు ఛాయ మార్చే పల్చటి పూత) వేయకపోతే ఆ మోడల్ దండగ అంటాడు. పనికిరాని ప్లాస్టిక్ ముక్క మీద స్పాంజ్ చిప్పింగ్ వేసి చూశాను, అమ్మవారు పోసినట్టుంది. అదే ముక్క మీద వాష్ పూస్తే బోల్టుల చుట్టూ చేరకుండా ఎక్కడ పడితే అక్కడ మరకలు కట్టింది. దుమ్ములా కనిపించే పిగ్మెంట్ పొడి చల్లితే బాగానే ఉంది గానీ, మ్యాట్ వార్నిష్ కొట్టేసరికి సగం మాయమైంది.

కిట్‌లో వచ్చిన ట్రాక్‌లు (చక్రాల చుట్టూ తిరిగే చైన్లు) ఒకే పట్టీగా ఉండే మెత్తటి రకం. వాటికి తుప్పు రంగు ఎంత ఉండాలి? అసలు ఏది ముందు, ఏది తర్వాత? అసలు బండి మీద చేయి వేసే ముందు మీ సలహా కావాలి.

సన్నబ్రష్

వాష్ సంగతి నేను చెప్తాను, మిగతాది పెద్దలు చూసుకుంటారు.

మీరు మ్యాట్ రంగు మీద నేరుగా పూసి ఉంటారు. అది గరుకు కదా, వాష్‌ని పారనివ్వదు, పడ్డచోటే పీల్చేసుకుంటుంది. రంగు బాగా ఆరాక గ్లాసీ వార్నిష్ పల్చగా రెండు పూతలు కొట్టండి. డీకాల్స్ (నంబర్లు, గుర్తుల పల్చటి స్టిక్కర్లు) దాని మీదే అంటించండి. గరుకు మీద అంటిస్తే కింద గాలి చిక్కుకుని అంచులు వెండిలా మెరుస్తాయి. డీకాల్స్ మీద ఇంకో పూత వార్నిష్, అది ఆరాక ఎనామెల్ వాష్.

సన్న బ్రష్ మొనను వాష్‌లో ముంచి బోల్టు పక్కన ఆనించండి, అంతే. సందు వెంట అదే పాకుతుంది, మనం తోయక్కర్లేదు. ఓ అరగంట ఆగి, వైట్ స్పిరిట్‌తో తడిపి గుడ్డకి తుడిచేసిన బ్రష్‌తో అంచులు సవరించుకోండి. నిలువు పలకల మీద ఎప్పుడూ పైనుంచి కిందికే లాగాలి. ఆరిన యాక్రిలిక్‌ని వైట్ స్పిరిట్ కరిగించదు కాబట్టి నచ్చకపోతే మొత్తం తుడిచేసి మళ్లీ వేసుకోవచ్చు. నలుపు వాష్ మాత్రం వద్దు. ఆకుపచ్చ మీద ముదురు బ్రౌన్ బాగుంటుంది.

ఒక జాగ్రత్త. రంగు పడని ప్లాస్టిక్ మీద, ముఖ్యంగా బిగుతుగా లాగి ఉన్న ఇరుసుల దగ్గర, వాష్ మడుగు కట్టనివ్వకండి. ఒత్తిడిలో ఉన్న ప్లాస్టిక్‌లోకి వైట్ స్పిరిట్ దిగితే పుటుక్కున విరుగుతుంది.

ఇనుపచక్రం

నేను పొక్లెయిన్లు బాగుచేసే పనిలో ఉన్నాను తమ్ముడూ, రోజూ చైన్ బళ్ల కిందే నా బతుకు. బ్రష్ పట్టడం గురించి ఇక్కడ నాకంటే తెలిసినవాళ్లున్నారు. నేను మురికి గురించి చెప్తాను.

తుప్పు దగ్గర మొదలుపెడదాం. నీ బండి వయసెంతో లెక్క వేసుకో. టీ-34-85 తయారీ మొదలైందే 1944 తొలి నెలల్లో. బెర్లిన్ చేరేనాటికి అతి పాత బండికైనా ఏడాది దాటి కొద్ది నెలలే. చాలా బళ్లు అంతకాలం బతకనే లేదు. పైగా రంగు కింద ఉన్నది డోర్ రేకు కాదు, హల్ (టరెట్ కింది బండి ఒళ్లు) ముందూ పక్కలా 45 మిల్లీమీటర్ల ఉక్కు పలక. అది బొబ్బలెక్కి పొరలు రాలాలంటే ఏళ్లు కావాలి. రంగు లేచిపోయిన చోట ముదురు గోధుమ, దాదాపు నలుపు, అంతే. నారింజ రంగు తుప్పు కారించావంటే అది యుద్ధంలో ఉన్న బండి కాదు, యుద్ధం అయ్యాక పొలంలో వదిలేసిన బండి. అదీ మంచి మోడలే, కానీ నువ్వు అడిగింది కాదు.

తుప్పు ధైర్యంగా వేయదగ్గ చోటు వెనక పలకలోంచి వచ్చే రెండు పొగ గొట్టాలు. వేడికి వాటి మీద రంగు నిలవదు. లోపలున్నది 12 సిలిండర్ల వి-2 డీజిల్ ఇంజన్, 500 హార్స్‌పవర్. కాబట్టి గొట్టం చివరా, దాని చుట్టుపక్కల పలక మీదా మసి నల్లగా ఉండాలి.

ఇక చిప్పింగ్. స్కేలు ప్రకారం లెక్క కట్టు: నువ్వు అద్దిన ఒక మిల్లీమీటరు చుక్క అసలు బండి మీద మూడున్నర సెంటీమీటర్ల మచ్చ. అలాంటివి వంద పెడితే అమ్మవారు పోయక ఏమవుతుంది! స్పాంజ్‌ని టిష్యూ మీద ఒత్తుతూ పో, ఇక రంగు అంటడం లేదు అనిపించాకే బండికి తాకించు. పలక మధ్యలో ఊరికే అద్దకు. ఆ చోట ఎవరి బూటు పడింది, ఏ పనిముట్టు జారింది, ఏ గోడ రాసుకుంది? జవాబు లేకపోతే అక్కడ చిప్ లేదు.

బూట్లు రాసుకునే చోట రంగు ఒక్కసారిగా ఊడిపోదు, ముందు నునుపెక్కుతుంది. మా బళ్ల మెట్టు చూడు: మధ్యలో రంగు పలచబడి కాస్త మెరుస్తుంటుంది, దాని చుట్టూ అడుగు పూత తొంగిచూస్తుంది, ఉక్కు బయటపడేది మెట్టు అంచున ఒక సన్న గీతలాగే. కాబట్టి ముందు లేత ఆకుపచ్చతో అరిగిన భాగం వెయ్యి, దాని లోపల అక్కడక్కడా ముదురు గోధుమ చుక్క పెట్టు, చివర్లో అంచుని పెన్సిల్‌తో ఒక్కసారి రుద్దు. టీ-34కి హల్ పక్కలా టరెట్ పక్కలా కమ్మీలుంటాయి, సైనికులు వాటిని పట్టుకుని బండి మీద కూర్చుని వెళ్లేవాళ్లు. వాటి మీద చిప్స్ వద్దు, చేతులు రాసి రాసి వచ్చిన నునుపు చాలు.

చైన్ గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందరూ ముంచేది అక్కడే. టీ-34 చైన్ లింకులు మాంగనీస్ ఉక్కుతో పోత పోసినవి. నడుస్తున్న బండి చైన్ ఎప్పుడూ ఎర్రగా ఉండదు. నేలకు తగిలే ఎత్తులు మెరుస్తాయి, గుంటల్లో ముదురు గోధుమ మీద మట్టి అంటుకుని ఉంటుంది. రాత్రి వాన పడి తెల్లారితే ఆ మెరిసే చోట పల్చటి నారింజ పొర వస్తుంది, నిజమే. బండి నాలుగు గజాలు కదిలితే అది పోతుంది.

మెరుపు ఎక్కడుండాలో చక్రాలే చెప్తాయి. టీ-34కి నడిపించే చక్రం వెనక ఉంటుంది. దానికి బయట పళ్లుండవు, లోపలున్న రోలర్లు లింకు మధ్యలో లేచిన కొమ్మును పట్టుకుని లాగుతాయి. ఆ కొమ్ములున్నవి లింకు విడిచి లింకుకే. కాబట్టి కొమ్ముల మొహాలు బాగా మెరవాలి. రోడ్డు చక్రాలకి రబ్బరు టైరుంటే అవి దొర్లే దారి నున్నబడుతుంది గానీ తెల్లగా మెరవదు. అక్కడ పెన్సిల్ తేలిగ్గా.

ఇంకో ముచ్చట. ఈ బండికి చైన్ పిన్నులు (లింకులను కలిపే కడ్డీలు) లోపలి వైపు నుంచి దూర్చినవి, తలలు హల్ వైపు ఉంటాయి. నడుస్తుంటే అవి లోపలికి జరుగుతాయి. వాటిని మళ్లీ బయటికి కొట్టడానికి వెనక చక్రం దగ్గర హల్‌కి ఒక ఏటవాలు పలక వెల్డ్ చేశారు. ప్రతి పిన్నూ దాన్ని గీసుకుంటూ పోవాల్సిందే. మోడల్ మీద అది చిన్న ముక్కే, కానీ బండి మొత్తంలో వెండిలా మెరవాల్సినది అదే. సీనియర్లు కూడా దానికి పచ్చరంగేసి వదిలేస్తారు, నాకు ఒళ్లు మండుతుంది.

చక్రం హబ్ దగ్గర గ్రీజు కారుతుంది కదా. చాలామంది అన్ని చక్రాలకీ గీత నిట్టనిలువుగా కిందికే గీస్తారు. బండి ఆగిన ప్రతిసారీ చక్రం వేరే కోణంలో ఆగుతుంది, కదిలినప్పుడు గ్రీజు అంచువైపు చిమ్ముతుంది. ఒక్కో చక్రానికి ఒక్కో దిక్కున, రెండు చక్రాలకి అసలేమీ లేకుండా వెయ్యి.

రంగులపెట్టె

ఇనుపచక్రం అన్నయ్యతో సగం ఒప్పుకుంటాను, సగం పోట్లాడతాను. ఆయన చూసేది ఎండలో నిలబడ్డ ఇరవై టన్నుల యంత్రం. మన దగ్గరున్నది బల్ల మీద దీపం కింద 17 సెంటీమీటర్ల హల్. దీని సందుల్లో నీడ పడదు, దీని పలకల మీద వెలుగు తేడా తెలియదు. ఉన్నది ఉన్నట్టు రంగేస్తే మూడడుగుల దూరం నుంచి ఒక పచ్చ ముద్ద. అందుకే పైకి తిరిగిన పలకలకి కాస్త లేత, కిందికి తిరిగిన వాటికి కాస్త ముదురు వేస్తాం. స్పానిష్ పద్ధతి అని దాన్ని వెక్కిరించేవాళ్లున్నారు. అతి చేస్తే నాకూ నచ్చదు, కానీ అసలు లేకపోతే బొమ్మ చచ్చిపోతుంది. పైగా వాష్‌లు, వార్నిష్‌లు అన్నీ పడ్డాక రంగు ఎలాగూ ముదురుతుంది, కాబట్టి ఈసారి కాకపోయినా వచ్చేసారి బేస్ కోటే ఒక మెట్టు లేతగా మొదలుపెట్టండి.

తమ్ముడూ, మీ తెల్ల పట్టీ గురించి ఎవరూ మాట్లాడలేదు. విమానాలు తమ బళ్లను గుర్తుపట్టాలని వేసిన గుర్తది, టరెట్ కప్పు మీద తెల్ల క్రాస్ కూడా వేసేవాళ్లు. బెర్లిన్ దాడి ఏప్రిల్ 16న మొదలైంది, మే 2న నగరంలోని సైన్యం లొంగిపోయింది. అంటే బండి మీద అన్నిటికన్నా చిన్న వయసున్న రంగు అదే. దాన్ని సగం అరగ్గొట్టి హెయిర్‌స్ప్రే చిప్పింగ్ (కింద హెయిర్‌స్ప్రే కొట్టి, పై రంగును నీళ్లతో లేపడం) చేయాలని టెంప్ట్ అవ్వకండి. అరిగిపోయే టైమ్ దానికి దొరకలేదు. బ్రష్ చారలుండాలి, అంచు వంకరపోవాలి, మురికి పట్టాలి, అంతే. పట్టీ కింద ఉన్న పాత ఆకుపచ్చకి మాత్రం మీ చిప్స్ అన్నీ చెల్లుతాయి.

చారలకి ఆయిల్ పెయింట్ వాడండి. ట్యూబులోంచి తీసి అట్టముక్క మీద కాసేపు ఉంచితే అందులోని నూనె అట్ట పీల్చుకుంటుంది, తర్వాత జిడ్డు మెరుపు లేకుండా ఆరుతుంది. చిన్న చుక్క పెట్టి, వైట్ స్పిరిట్ తగిలీ తగలని చదును బ్రష్‌తో కిందికి లాగితే దాదాపు కనబడకుండా పోతుంది. ఆ మిగిలిందే కావాలి.

కిటికీ తీసి పెట్టుకోండి. పిగ్మెంట్ పొడి వాడేటప్పుడు మాస్క్ తప్పనిసరి, అది ముక్కులోకి పోయేంత సన్నం.

పచ్చరంగు85

అందరికీ థాంక్స్. ఆ ఏటవాలు పలక దేనికో తెలియక ఇన్నాళ్లూ దాన్ని అచ్చు పోతలో వచ్చిన లోపం అనుకున్నాను, గీకేద్దామని కత్తి కూడా తీశాను. బతికిపోయింది.

రెండు డౌట్లు. బెర్లిన్ అంటే బురద ఏ రంగు? మెత్తటి పట్టీ ట్రాక్‌లు చక్రాల మీద బిగుతుగా నిలబడుతున్నాయి, ఫొటోల్లో అలా లేవు.

ఇనుపచక్రం

తెల్ల పట్టీ వయసు గురించి రంగులపెట్టె చెల్లెమ్మ వేసిన లెక్క నాకు నచ్చింది. వెలుగు సంగతి తర్వాత పోట్లాడుకుందాం. మొదట ఎటు నుంచి వెలుగొస్తుందో ఆమె చెప్పాలి.

ముందు చైన్. టీ-34కి పైన మోసే చిన్న చక్రాలు లేవు, చైన్ రోడ్డు చక్రాల మీదే వాలి ఉంటుంది. కాబట్టి రంగు వేసిన తర్వాత పట్టీని ప్రతి పెద్ద చక్రం మీదికీ నొక్కి జిగురుతో అంటించు. ఆరేదాకా పట్టీకి హల్‌కి మధ్య స్పాంజ్ ముక్కలు కుక్కి పెట్టు. చక్రాల నడుమ కాస్త కుంగాలి, ముందు చక్రం నుంచి వెనక్కి వచ్చేచోట కొంచెం ఎక్కువ. మెత్తటి పట్టీ వంగినప్పుడు రంగు పొర పగులుతుంది, అందుకే మెరుపు పని బిగించాకే చెయ్యి.

బురద విషయానికొస్తే, వీధిలో పోరాడిన బండికి పొలం బురద తక్కువ. కూలిన ఇళ్ల సున్నం, సిమెంటు, ఇటుక పొడి. అంటే లేత బూడిద ఎక్కువ, ఇటుక ఎరుపు చిటికెడు. పైకి తిరిగిన పలకల మూలల్లో అది కుప్ప పడాలి, బూట్లు పడే చోట తొలగిపోవాలి. పక్కల ఉన్న డ్రమ్ముల మూత దగ్గర డీజిల్ ఒలికితే ఆ దుమ్ము తడిసి ముదురు మరక అవుతుంది, అంచున గట్టిపడుతుంది. కింద చక్రాల లోపలివైపు మాత్రం వచ్చిన దారి మట్టి ఇంకా మిగిలి ఉంటుంది, అది గోధుమ రంగు. గుర్తుంచుకో, అక్కడ ఒక మిల్లీమీటరు మందం అంటే మూడున్నర సెంటీమీటర్ల మట్టి, చాలు.

సన్నబ్రష్

పిగ్మెంట్ మాయమవడం గురించి: మ్యాట్ వార్నిష్ దానికంటే ముందు కొట్టేయండి, దాని తర్వాత కాదు. పొడి ఆ గరుకు మీద బాగా పట్టుకుంటుంది. కావలసిన చోట చల్లి, బ్రష్ నిండా వైట్ స్పిరిట్ తీసుకుని పొడి అంచుకి తాకించండి, దానంతటదే లోపలికి పాకుతుంది. తడిగా ఉన్నప్పుడు నల్లబడి భయపెడుతుంది, ఆరాక తేలుతుంది. ఇంకా గట్టిగా నిలవాలంటే ఫిక్సర్ (పొడిని అంటించి ఉంచే ద్రవం) కూడా అలాగే. తర్వాత ఆ భాగం పట్టుకోవద్దు.

కాబట్టి మీ వరస ఇది: గ్లాసీ, డీకాల్స్, చిప్పింగ్, వాష్, మ్యాట్, ఆయిల్ చారలు, చైన్, పిగ్మెంట్. చిప్పింగ్ వాష్‌కి ముందైనా తర్వాతైనా కొంప మునగదు, ముందైతే వాష్ దాన్ని కాస్త కలుపుకుంటుంది. డీజిల్ మరకలు అన్నిటికన్నా చివర, మ్యాట్ మీద తడిగా కనబడాలి కదా.

ఇనుపచక్రం

ముందు ఎడమ వైపు ఒక్కటే పూర్తి చేసి ఫొటో పెట్టు తమ్ముడూ. ఫ్లాష్ వద్దు, దుమ్మంతా తెల్లబోతుంది. కిటికీ పక్కన పెట్టి తియ్యి, వెనక పలకది విడిగా ఒకటి. కుడి వైపు అప్పుడు చూద్దాం.