కొత్త మ్యాగజైన్ పిస్టల్‌లో సరిగా కూర్చోవడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న (చిత్తూరు, మామిడి మండీ వ్యాపారి)

అందరికీ నమస్కారం. నా దగ్గర లైసెన్స్ ఉన్న .32 పిస్టల్ ఉంది. కాయల సీజన్‌లో డబ్బుతో తిరగాల్సి వస్తుందని తీసుకున్నాను. దాంతోపాటు వచ్చిన మ్యాగజైన్‌తో (తూటాలు నింపి పిడిలోకి తోసే డబ్బా) ఏ ఇబ్బందీ లేదు. ఈమధ్య అదనంగా రెండు కొత్తవి కొన్నాను, వాటితోనే తంటా. 7 రౌండ్లు నింపి పెడితే చివర్లో కొంచెం బయటే ఆగిపోతోంది. అరచేత్తో కొడితే ఒక్కోసారి క్లిక్‌మని పడుతుంది, ఒక్కోసారి తిరిగి చేతిలోకి జారి వచ్చేస్తుంది. ఏడో తూటా ఎక్కించేసరికి బొటనవేలు కమిలిపోతోంది. తెలిసినాయన ఒకరు అంచును ఆకురాయితో కాస్త రుద్దమన్నారు. ఇంకొకాయన కొబ్బరినూనె రాయమన్నారు. వేలూరులో రిపేరు చేసేవాళ్లు ఉన్నారని కూడా విన్నాను. ఏం చేయమంటారు?

జవాబు (తిరుపతి, ఆర్మీలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసే పనిలో, చేసి రిటైరయ్యాను)

సార్, ముందు ఆ ఆకురాయిని లోపల పెట్టేయండి. అసలు తప్పు మ్యాగజైన్‌లో ఉందో లేదో ఇంకా తేలలేదు.

నింపిన మ్యాగజైన్‌ను లోపలికి తోసినప్పుడు పైనున్న తూటా వెళ్లి మూసి ఉన్న స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగం) అడుగుభాగానికి తగులుతుంది. క్యాచ్ (మ్యాగజైన్‌ను పట్టి ఉంచే మీట) పడాలంటే ఆ తూటా ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు కిందికి దిగాలి. 7 రౌండ్లూ ఉంటే స్ప్రింగ్ అప్పటికే దాదాపు పూర్తిగా అణిగి ఉంటుంది, పైగా కొత్తది. ఇక దిగడానికి చోటెక్కడుంది? పాత మ్యాగజైన్ స్ప్రింగ్ కాస్త మెత్తబడింది కాబట్టి మీకు అందులో తేడా తెలియడం లేదు.

ఇలా చూడండి. తూటాలన్నీ వేరే గదిలో పెట్టండి. పిస్టల్ నుంచి మ్యాగజైన్ తీసేసి, స్లైడ్ లాగి, ఛాంబర్ (పేలే ముందు తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి రూఢి చేసుకోండి. తర్వాత ఖాళీ కొత్త మ్యాగజైన్ పెట్టండి. అది సులువుగా పడి, కిందికి లాగినా రాకపోతే మ్యాగజైన్‌లో లోపం లేనట్టే. ఖాళీదే పడకపోతే కథ వేరు.

ఖాళీది పడి, నిండుది మొరాయిస్తుంటే ప్రస్తుతానికి 6 రౌండ్లే పెట్టండి. ఆ ఒక్కటి తగ్గితే ఎంత సులువవుతుందో మీకే తెలుస్తుంది. స్లైడ్ వెనక్కి లాగి ఆపి పెడితే నిండు మ్యాగజైన్ కూడా హాయిగా పడుతుంది, ఎందుకంటే పై తూటాకు అడ్డు ఉండదు. కానీ ఆ తర్వాత స్లైడ్ వదిలారంటే తూటా ఛాంబర్‌లోకి వెళ్లిపోతుంది. ఛాంబర్ ఖాళీగా ఉంచుకుని తిరిగేవారైతే ఆ పద్ధతి మీకొద్దు.

కొబ్బరినూనె సంగతి: చలికాలంలో సీసాలోనే గడ్డకట్టే నూనె స్ప్రింగ్ మీద ఏమవుతుందో మీరే ఆలోచించండి. అసలు మ్యాగజైన్ లోపల ఏ నూనే వద్దు. దుమ్ము పట్టి బంక అవుతుంది, తూటా వెనకున్న ప్రైమర్‌లోకి దిగితే పేలాల్సినప్పుడు పేలదు. కొత్తవాటికి తుప్పు పట్టకుండా పూసిన గ్రీజు ఉంటుంది. విప్పి పొడి గుడ్డతో తుడిచేయండి, చాలు. విప్పేటప్పుడు స్ప్రింగ్ ఎగిరి కంట్లో పడుతుంది, బొటనవేలు అడ్డం పెట్టుకోండి.

జవాబు (తిరుపతి, .22 పిస్టల్ షూటర్)

అన్న చెప్పిందానికి చిన్న చేర్పు. అసలు తూటాలతో ఇంట్లో ప్రయోగాలు చేయొద్దు సార్. డమ్మీ రౌండ్లు దొరుకుతాయి, స్నాప్ క్యాప్ అంటారు. వాటిని నింపుతూ, తీస్తూ ఉంటే స్ప్రింగ్ దారికొస్తుంది. కొత్త చెప్పు కరిచినట్టే, మొదట్లోనే ఈ బాధ. కొందరు డమ్మీలు నింపి కొన్ని రోజులు అలాగే వదిలేస్తారు, అదీ కొంత పనిచేస్తుంది. కానీ స్ప్రింగ్‌ను ఎక్కువగా అలిసిపోయేలా చేసేది మాటిమాటికీ అణిగి లేవడమే.

ఏ మ్యాగజైన్ పెట్టినా అరచేత్తో ఒక్క దెబ్బ గట్టిగా వేసి, అడుగు పట్టుకుని కిందికి లాగి చూడడం అలవాటు చేసుకోండి. క్లిక్ శబ్దాన్ని మాత్రమే నమ్మొద్దు. సగం పడిన మ్యాగజైన్ అయితే ఛాంబర్‌లో ఉన్నది ఒక్కటే పేలుతుంది, రెండోది ఎక్కదు.

అడిగినవారు

థాంక్స్ సార్. ఖాళీవి పెట్టి చూశాను. ఒకటి చక్కగా పడింది. 6 డమ్మీలతో కూడా పడింది, 7 పెడితే గట్టిగా కొట్టాలి. రెండోది మాత్రం ఖాళీగా ఉన్నా పడటం లేదు. స్లైడ్ లాగి పెట్టినా అంతే.

జవాబు (మాజీ ఆర్మరర్)

మొదటిది ఓకే, 6తో వాడండి. రెండోదాన్ని పాతదాని పక్కన పెట్టి వెలుతురులో చూడండి. క్యాచ్ పట్టుకునే గాడి రెండింటిలోనూ ఒకే ఎత్తులో ఉందా? గాడి అంచున గోటితో గీస్తే గరుకు తగులుతుందా? తూటాను పట్టి ఉంచే పై అంచులు రెండూ ఒకేలా వంగి ఉన్నాయా? వేరే మోడల్‌దాన్ని అదే .32 అని అంటగట్టడం కూడా జరుగుతుంది. వీటిలో ఏది తేడాగా ఉన్నా బిల్లుతో డీలర్ దగ్గరికే తీసుకెళ్లి మార్చమనండి. మీరు రుద్దారంటే వాళ్లు వెనక్కి తీసుకోరు. పై అంచులు కొద్దిగా తేడా పడినా తూటాలు అడ్డంగా ఇరుక్కుంటాయి. మ్యాగజైన్ క్యాచ్‌ను మాత్రం తాకొద్దు. పాతది సరిగ్గా పడుతోందంటే పిస్టల్‌లో తప్పు లేదు.

జవాబు (పలమనేరు)

వేలూరు పక్కనే కదా అని పిస్టల్ జేబులో పెట్టుకుని బయల్దేరేరు! మీ లైసెన్స్ మీద ఏరియా వ్యాలిడిటీ చూసుకోండి. ఆంధ్రప్రదేశ్ వరకే అని ఉంటే బోర్డర్ దాటిన క్షణం నుంచే కేసు. రిపేరు చేసేవాడికీ ఆయుధ చట్టం కింద లైసెన్స్ ఉండాలి, అడిగి చూడండి. అలాగే తిరుపతి డీలర్ దగ్గరికి వెళ్లి అటునుంచి అటే కొండకు పోదామనుకునేరు, అలిపిరి చెకింగ్‌లో ఆపేస్తారు.

అడిగినవారు

లైసెన్స్ చూశాను, రాష్ట్రం వరకే ఉంది. రెండో మ్యాగజైన్ గాడి పాతదానికంటే కొంచెం కింద ఉన్నట్టు కనిపిస్తోంది. పిస్టల్ ఇంట్లోనే ఉంచి, రెండు మ్యాగజైన్లూ బిల్లూ పట్టుకుని డీలర్ దగ్గరికి పోతాను.

జవాబు (మాజీ ఆర్మరర్)

పాతదాన్ని తప్పకుండా తీసుకెళ్లండి, పక్కన పెట్టి చూపిస్తే వాదన ఉండదు. లైసెన్స్ కూడా వెంట ఉంచుకోండి.