పొంపిరా, బొంపిరా?

నెల్లూరు: పాత లినక్స్ కెర్నల్‌కి (కంప్యూటర్‌ని నడిపే మూల ప్రోగ్రాం) ప్యాచ్‌లు, అంటే చిన్న సవరణలు, చూసే పని నాది. కొత్త కెర్నల్‌లో సరిచేసిన తప్పుల్లో ఏవి పాత 5.10 వెర్షన్‌లోకి తేవాలి, ఏవి వద్దు అని తేల్చాలి. ఇవాళ ఒకటి ఏ గొడవా లేకుండా అతుక్కుంది గానీ, అది ఆధారపడ్డ మార్పు పాతదాంట్లో లేనే లేదు, తీసి పక్కన పెట్టా. అప్పట్నుంచీ ఎర్రన భారతంలోని పద్యం ఒకటే బుర్రలో తిరుగుతోంది. "స్ఫురదరుణాంశురాగరుచి బొంపిరివోయి..." తర్వాతేంది? ఈ బొంపిరి ఏందబ్బా?

అద్దంకి: "నిరస్తనీరదావరణములై". బొంపిరి అనే మాటే లేదు. పొంపిరివోవు, అంటే ఉప్పొంగు. రుచిన్ మీది ద్రుతం, అంటే చివరి న్, వల్ల ప కాస్తా బ అయింది. అచ్చులో ఆ న్‌కి గుర్తైన అరసున్న ఎగరగొట్టారు, అందుకే మీకు కొత్త మాటలా ఉంది.

కావలి: నిండు సున్నే పెట్టి "రుచిం బొంపిరి" అంటే పోలా? మా అయ్యవారు అట్లానే చదివించారు.

అద్దంకి: చంపకమాల స్వామీ. పదో అక్షరం "చి" లఘువు. సున్న పెడితే గురువై అక్కడుండాల్సిన జగణం (లఘువు, గురువు, లఘువు) చస్తుంది. యతి అడగబోతారేమో, స్ఫుకి పొం అయినా బొం అయినా చెల్లుతుంది.

నెల్లూరు: అచ్చం నా ప్యాచే అన్నా! అరసున్న లేకుండా బొంపిరిని మాత్రం తెచ్చి పెట్టారు.

కందుకూరు: ఎర్రన చేసిందీ బ్యాక్‌పోర్టే, పాతదాంట్లోకి సవరణ తేవడమే. నన్నయ అరణ్యపర్వంలో శారదరాత్రుల పద్యం దగ్గర ఆగిపోయాడు, తిక్కన విరాటం నుంచి ముందుకు పోయాడు. ఎర్రన 14వ శతాబ్దంలో వచ్చి ఆ పాతదాంట్లోనే అతికించి, కృతి మళ్ళీ రాజరాజనరేంద్రుడికే ఇచ్చాడు.

నెల్లూరు: ఒప్పుకోను. మార్పు ముందు లైనస్ ట్రీలో, అంటే మెయిన్‌లైన్ అనే అసలు కోడ్‌లో, ఉంటేనే స్టేబుల్ అనే పాత వెర్షన్లలోకి వస్తుంది. అరణ్యపర్వశేషం తిక్కనలో ఏదీ?

కందుకూరు: వ్యాసుడిలో ఉందిగా, మెయిన్‌లైన్ అదే.

నెల్లూరు: ప్యాచ్ చుట్టుపక్కల లైన్లతో కలిపి 100 దాటకూడదు మరి.

కందుకూరు: ప్రబంధపరమేశ్వరుడైన ఎర్రనకే లైన్లు లెక్కపెడతావా!

కావలి: తిక్కన ఊరివాడివై ఉండి ఎర్రనని పట్టుకున్నావేందయ్యా, కీచకవధ ఎత్తుకుంటే రాత్రంతా మాట్లాడుకోవచ్చు.

అద్దంకి: ఎర్రన ఉన్న వేమారెడ్డి కొలువు మా అద్దంకిదే, ఆ మాటా గుర్తుంచుకోండి.

నెల్లూరు: సరే గానీ, అది రుచిన్ అనే ఎందుకు? ఉత్త రుచి కాకూడదా? త్వరగా చెప్పండి, రివ్యూకి 48 గంటలే టైము, సగం ఇక్కడే అయిపోయింది.

అద్దంకి: ప్రథమా విభక్తిలో ద్రుతం రాదు. అది లేకుండా బ ఎట్లా వస్తుంది? కాబట్టి తృతీయ, కాంతితో ఉప్పొంగి అని.

కావలి: అసలు మాటే బొంపిరి అయితే ద్రుతంతో పనేముంది?